పాత కారులో పెట్రోలు ఆపే స్విచ్చు – దాని బాగోగులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. వీరు రవాణా విభాగం వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేసి 2000లో పదవీ విరమణ చేశారు.)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి పెద్దలు ఇప్పటిదాకా చక్కగా మాట్లాడారు. భోజనాల వేళ దగ్గరపడుతోంది. ఇటువంటి సమయంలో ఒక స్విచ్చు గురించి మాట్లాడతానంటే మీలో కొందరు వాచీలు చూసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. తప్పు నాది కాదు. "మీకు బాగా తెలిసిన విషయం మీద ఒక పావుగంట మాట్లాడండి" అని కార్యదర్శి గారు అడిగారు. నాకు తెలిసింది స్పానర్లు, గ్రీజు, బండ్లు. వేదాంతం తెలియదు.

పొద్దున నేను వచ్చిన బూడిదరంగు చిన్న కారు బయట వేపచెట్టు కింద ఉంది. ఇప్పటికే నలుగురైదుగురు దాని చుట్టూ తిరిగి వచ్చారు. అది 1951 నాటి బేబీ హిందుస్థాన్. ఇంగ్లండులో మోరిస్ మైనర్ అనే కారునే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఆ పేరుతో అమ్మారు. 918 సి.సి. ఇంజిను. నేను 1974లో కాకినాడలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాను. మా పెద్దమ్మాయి కంటే అది ముందు మా ఇంటికి వచ్చింది. ఆ మాట మా అమ్మాయి దగ్గర అనకండి, కోపం వస్తుంది.

ఈ కారులో పెట్రోలు ట్యాంకు వెనక, ఇంజిను ముందు ఉంటాయి. వెనకనున్న పెట్రోలును ముందుకు లాగడానికి ఒక పంపు ఉంది. బంకులో ఉండే పంపు కాదండీ, కారులోదే. బానెట్టు ఎత్తితే అడ్డుగోడకు బిగించి చిన్న గ్లాసంత ఉంటుంది. ఎస్.యు. కంపెనీ వారి కరెంటు పంపు. అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. లోపల ఒక తీగచుట్ట, దాని ముందు రబ్బరు గుడ్డలాంటి డయాఫ్రమ్. తాళం తిప్పగానే తీగచుట్ట అయస్కాంతమై డయాఫ్రమ్‌ను లాగుతుంది, ట్యాంకు నుంచి కాస్త పెట్రోలు వస్తుంది. చివరిదాకా లాగగానే పాయింట్లు టిక్కుమని విడిపోతాయి, కరెంటు పోతుంది, స్ప్రింగు డయాఫ్రమ్‌ను వెనక్కి తోసి ఆ పెట్రోలును కార్బురేటరుకు పంపుతుంది. మళ్ళీ పాయింట్లు కలుస్తాయి. టిక్కు, టిక్కు, టిక్కు. కార్బురేటరు గిన్నె నిండితే దాని సూది మూతపడుతుంది. పెట్రోలు పోవడానికి దారి ఉండదు, స్ప్రింగు తోయలేదు, పంపు నోరు మూసుకుంటుంది. కాబట్టి తాళం తిప్పి ఇంజిను స్టార్టు చెయ్యకుండా ఉంటే కాసిని టిక్కులు వినబడి ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటోందంటే పెట్రోలు ఎక్కడికో పోతోందన్నమాట. లేదా ట్యాంకు వైపు గొట్టంలో గాలి పీలుస్తోందన్నమాట. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

1981 సంక్రాంతికి మా అత్తవారి ఊరు అమలాపురం బయలుదేరాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో నిద్రపోతున్న నాలుగేళ్ళ అమ్మాయి. రావులపాలెం దాటి కొత్తపేట వైపు తిరిగేసరికి చీకటి పడింది. ఆ ప్రాంతం సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు, అరటి గెలల బండ్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. ఒక బండి వెనక లాంతరు లేదు. నా దీపాలు కూడా గుడ్డివే. చూసేసరికి దగ్గరైపోయింది. బ్రేకు తొక్కాను గానీ బండి వెనక దూలం మా కారు ముందు జల్లెడలోకి దిగబడింది. పెద్ద దెబ్బేమీ కాదు. ముగ్గురికీ గీత పడలేదు. ఇంజిను ఆగిపోయింది.

అంతా నిశ్శబ్దం. ఎడ్ల మెడలో గంటలు. బండివాడు దిగి వస్తూ "దెబ్బేం తగల్లేదు గదండీ" అంటున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు. టిక్కుటిక్కుటిక్కుటిక్కు. కుట్టుమిషను తొక్కినట్టు, ఎప్పుడూ లేనంత వేగంగా. పెట్రోలు వాసన గుప్పుమంది.

మా ఆవిడ అడిగింది: "ఏమండీ, బండి ఆగిపోయిందిగా, మరి ఆ చప్పుడేమిటి?"

"పంపు" అన్నాను.

అయ్యా, అప్పటికి నేను వర్క్‌షాపులో పదిహేనేళ్ళ సర్వీసున్నవాణ్ణి. ఆ చప్పుడుకు అర్థం ఏమిటో ఆ చీకట్లో ఆ చుట్టుపక్కల నా ఒక్కడికే తెలుసు. కార్బురేటరుకు పోయే గొట్టం విరిగింది, పంపు ట్యాంకులోని పెట్రోలునంతా తెచ్చి కాలుతున్న ఎగ్జాస్టు గొట్టానికి జానెడు దూరంలో పోస్తోంది. తెలుసు. తెలిసి "పంపు" అని జవాబు కూడా చెప్పాను. స్టీరింగు పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు. ఎంతసేపు? ఐదు సెకన్లో, పదో. నేను చెప్పలేను. మా ఆవిడే చెయ్యి చాపి డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న తాళం తిప్పేసింది. చప్పుడు ఆగింది. ఆమె పంపు సంగతి తెలిసి చేసిన పని కాదు. ఆ చప్పుడు ఆవిడకు నచ్చలేదు, అంతే. ఆవిడ ఇప్పుడు రెండో వరసలో కూర్చున్నారు, తల దించుకుంటున్నారు చూడండి.

బానెట్టు ఎత్తితే అడుగు రేకు తడిసి ఉంది. మంట రాలేదు. ఎందుకు రాలేదంటే నా దగ్గర సమాధానం లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీలో కొందరు "మా అంబాసిడర్‌కు ఇలాంటి ఇబ్బంది లేదే" అనుకుంటూ ఉండవచ్చు. నిజమే. మనం ఎరిగిన మామూలు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని పెట్రోలు బండ్లలో పంపు ఇంజిను పక్కన ఉండి ఇంజినుతోనే ఆడుతుంది. ఇంజిను ఆగితే అదీ ఆగుతుంది. ఇప్పటి కొత్త కార్లలో కరెంటు పంపే ఉంటుంది గానీ దాని మీద కంప్యూటరు కాపలా ఉంది. ఇంజిను తిరగడం లేదని తెలియగానే పంపు ఆపేస్తుంది. మధ్యలో మాలాంటి వాళ్ళదే చిక్కు. మా పంపుకు ఇంజిను తిరుగుతోందో ఆగిందో తెలియదు. తాళం వేసి ఉందా లేదా, అదొక్కటే దానికి తెలుసు.

అంబాసిడర్, పద్మిని ఉన్నవారు కూడా ఒక్క సంగతి చూసుకోవాలి. పాత పంపు డయాఫ్రమ్ పోతే, కొత్తది దొరకక, మెకానిక్కులు బజారులో దొరికే కరెంటు పంపు తెచ్చి తగిలిస్తున్నారు. తగిలించడం తప్పు కాదు. ఇగ్నిషన్ తీగకు నేరుగా తగిలించి దులుపుకుని పోవడం తప్పు. అలా చేయించుకున్నవారి బండి ఆ క్షణం నుంచి 1981లో నా బండి లాంటిదే. మీ బండికి అటువంటి పంపు ఉందో లేదో మీకే తెలియకపోతే, ఇంటికెళ్ళి ఇంజిను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి వినండి. టిక్కుటిక్కుమనో, జుయ్‌మనో వినబడితే ఉన్నట్టే.

దీనికి మందు ఏమిటంటే ఈ స్విచ్చు. దెబ్బ తగలగానే దానంతట అదే పంపుకు కరెంటు తెంచేస్తుంది. ఇనర్షియా స్విచ్చు అంటారు. ఇంగ్లండులో జాగ్వార్ లాంటి కార్లకు, అమెరికాలో ఫోర్డు కార్లకు కంపెనీలో ఉండగానే అమర్చేవారు. మా అక్కయ్య కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. 1994లో వస్తూ అక్కడి పాత సామాన్ల దుకాణంలో ఒకటి కొని తెచ్చాడు. చాక్లెట్లు తెస్తాడనుకున్న పిల్లలు నిరాశపడ్డారు గానీ నేను ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాను.

చేతిలో పట్టే చిన్న డబ్బా. లోపల గరాటు ఆకారంలో ఒక గుంట, అడుగున అయస్కాంతం, దాని మీద ఒక ఉక్కు గోళీ. మామూలు కుదుపులకు గోళీని అయస్కాంతం వదలదు. గట్టి దెబ్బ తగిలితే, ముందు నుంచి గానీ పక్క నుంచి గానీ, గోళీ అయస్కాంతం నుంచి ఊడి గరాటు వాలు ఎక్కి పైనున్న రేకును కొడుతుంది. రేకు ఎగిరి కాంటాక్టు విడిపోతుంది. పైన ఉన్న బొత్తాం పైకి లేస్తుంది. మళ్ళీ బొత్తాం నొక్కితే యథాస్థితి. ఇందులో కరెంటుతో నడిచేదంటూ ఏమీ లేదు. కంప్యూటరు లేదు, బ్యాటరీ లేదు. మా చిన్నప్పటి గోళీకాయ సోడా గుర్తుకొచ్చింది నాకు.

బిగించడంలో రెండు మూడు జాగ్రత్తలు. బొత్తాం ఆకాశం వైపు ఉండేట్టు నిటారుగా బిగించాలి. వాలుగా పెడితే గోళీ లెక్క తప్పుతుంది. బాడీ గట్టి రేకుకు బిగించాలి తప్ప ఊగే అట్టకో, ఇంజినుకో కాదు. పక్కన కూర్చున్నవారి కాలు తగిలేచోట పెట్టకూడదు. వాన నీళ్ళు కారే మూల అసలే వద్దు. నేను చేసిన తప్పు అదే, చెబుతాను. ఇగ్నిషన్ నుంచి పంపుకు పోయే తీగను మధ్యలో తెంచి ఈ స్విచ్చు గుండా పోనివ్వాలి. చాలా వాటికి మూడు కాళ్ళుంటాయి. ఒకటి ఉమ్మడిది, ఒకటి మామూలుగా కలిసి ఉండేది, ఇంకొకటి దెబ్బ తగిలాక కలిసేది. మూడోది హెచ్చరిక దీపానికీ అలాంటి వాటికీ. ఏది ఏదో మీటరు పెట్టి తేల్చుకోకుండా తగిలించకండి. మా కారులో బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉంటుంది, ఇప్పటి కార్లకు తలకిందులు. దానికీ దీనికీ పేచీ లేదు, ఇది ఉత్త కాంటాక్టు కదా.

ఇక బాగోగులు. ఇక్కడే అందరూ జారిపోతారు. బ్రేకు పాడైతే తొక్కగానే తెలుస్తుంది. హారను పోతే నొక్కగానే తెలుస్తుంది. ఈ స్విచ్చు పాడైతే మనకు ఎలా తెలుస్తుంది? కాంటాక్టు విడిపోయేట్టు పాడైతే బండి ఆగుతుంది, తెలుస్తుంది. కాంటాక్టు విడిపోకుండా పాడైతే బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. ముప్ఫై ఏళ్ళు నడుస్తుంది. అవసరమైన ఆ ఒక్క రోజున పనిచెయ్యదు. మనం బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నామా లేదా? ఇవ్వకపోతే పెన్షను ఆగుతోందా లేదా? దీని దగ్గర కూడా అలాగే ఏటా ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి. నేను మరిచిపోకుండా ఉండడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నా సర్టిఫికెట్ నేను ఇచ్చి వచ్చిన సాయంత్రమే దాని సర్టిఫికెట్ తీసుకుంటాను.

ముందు బీడీ, సిగరెట్టు, అగరొత్తి ఏదీ దగ్గర లేకుండా చూసి, బండిని గాలి ఆడేచోట పెట్టుకోవాలి. తాళం తీసి, స్విచ్చు తీగలు ఊడదీసి లగ్గులు చూడాలి. పచ్చటి చిలుము పట్టి ఉంటే సన్న ఎమరీ కాగితంతో గీకి, వదులైతే ప్లయరుతో కాస్త నొక్కి, కొంచెం వాజలైను రాసి మళ్ళీ తొడగాలి. సగం జబ్బులు ఇక్కడే. పంపు కరెంటంతా ఈ రెండు కాళ్ళ మీదనే పోతుంది కదా, చిలుము పడితే వేడెక్కుతుంది. మీటరు ఉన్నవారు పంపు కొట్టుకుంటుండగా ఆ రెండు కాళ్ళ మధ్య వోల్టేజి చూడండి. దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు చూపిస్తోందంటే బాగా లేనట్టే. మీటరు లేనివారు ఒక పది నిమిషాలు బండి నడిపి వచ్చి వేలు పెట్టి చూడండి, లగ్గు వెచ్చబడకూడదు.

తరువాత దెబ్బ పరీక్ష. బోల్టులు విప్పి స్విచ్చును తీగలతో సహా చేతిలోకి తీసుకోవాలి. పంపు వైపు వెళ్ళే కాలుకూ బాడీకీ మధ్య టెస్టు ల్యాంపు పెట్టి తాళం తిప్పితే దీపం వెలుగుతుంది. పంపు చప్పుడును నమ్ముకోవద్దు, గిన్నె నిండితే అది ఎలాగూ ఆగుతుంది. స్విచ్చును నిటారుగానే పిడికిట పట్టుకుని, ఆ పిడికిలిని రెండో అరచేతిలో పక్కగా గట్టిగా కొట్టాలి. దీపం ఆరిపోవాలి, బొత్తాం లేవాలి. నొక్కితే టక్కుమని కూర్చుని దీపం వెలగాలి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. మూడోసారి నా తృప్తి కోసం. సుత్తి వాడవద్దు. ఎంత కొట్టినా దీపం ఆరకపోయినా, బొత్తాం నొక్కినా నిలవకపోయినా ఆ స్విచ్చు ఇక మనది కాదు, పారేసి కొత్తది వేసుకోవడమే. విప్పి బాగుచేస్తానని కూర్చోవద్దు. నూనె చుక్క వేద్దామని కొందరికి చెయ్యి దురద పుడుతుంది. నూనెకు దుమ్ము అంటుతుంది, దుమ్ముకు గోళీ అతుక్కుంటుంది. పాత సామాన్లలో కొనేవారు బండికి తగిలించకముందే ఈ పరీక్ష చేసుకోవాలి. అది అప్పటికే ఏ గుద్దుడో తిని వచ్చి ఉండవచ్చు.

పరీక్ష అయ్యాక మళ్ళీ బోల్టులు బిగించడం మరిచిపోకండి. నవ్వకండి, చేతిలో తీసిన పని సగంలో భోజనానికి పిలుపు వస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు.

ఇప్పుడు నేను నా ముఖం దాచుకోవలసిన సంగతి చెప్పాలి. చెప్పకుండా దిగిపోతే మా మనవడు ఊరుకోడు.

2009 వానాకాలంలో ఒక సాయంత్రం నేనొక్కణ్ణే ధవళేశ్వరం వైపు నుంచి ఇంటికి వస్తుంటే బండి ఆగిపోయింది. కుండపోత. తాళం తిప్పితే టిక్కు లేదు. టార్చి వేసి చూస్తే స్విచ్చు మీద అద్దం రబ్బరు నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి, ఒక లగ్గు చిలుముతో తినేసి ఉంది. నేను ఏం చేశానంటారా? ముప్ఫై నాలుగేళ్ళు కుర్ర మెకానిక్కులను ఏ పని చేసినందుకు తిట్టానో ఆ పనే చేశాను. రెండు తీగలూ పీకి, ఒకదానికొకటి మెలివేసి, టేపు చుట్టాను. మన భాషలో "డైరెక్టు" ఇచ్చాను. టిక్కు టిక్కు మొదలైంది. ఇంటికి చేరాను. రేపు చూద్దామనుకున్నాను.

ఆ రేపు పదకొండు నెలల తరువాత వచ్చింది. ఆ పదకొండు నెలల్లో మా ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, మనవణ్ణి ఎక్కించుకుని పాపికొండల పడవ ఎక్కించడానికి రేవుదాకా వెళ్ళాను. ఒక్కరోజు గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చేది. బండి బాగానే నడుస్తోంది కదా అనుకునేవాణ్ణి. అప్పటికి వాడికి పన్నెండేళ్ళు. వేసవి సెలవుల్లో బండి కడుగుతూ తల లోపలికి పెట్టి అడిగాడు: "తాతయ్యా, ఈ తీగ ఇటు నుంచి ఇటే వెళ్ళిపోతోంది. మరి ఈ డబ్బా ఎందుకు?"

ముందు వాడి మీద కోప్పడ్డాను. "నీకెందుకురా, కడుగు" అన్నాను. సాయంత్రం దాకా ఆ మాట చెవిలో తిరిగింది. ఆ రాత్రి దీపం పెట్టుకుని కూర్చుని లగ్గు మార్చి, అద్దం రబ్బరు మార్చి, స్విచ్చును పొడిగా ఉండేచోటికి జరిపి, టేపు పీకేశాను. ఎవరైనా ఎప్పుడైనా దారిలో డైరెక్టు ఇవ్వక తప్పకపోతే, అంటే నిజంగానే ఎక్కడా గుద్దుకోకుండా, చుక్క కారకుండా, ఉత్త చిలుము వల్ల ఆగితే, ఇంటికి చేరగానే కారు తాళాన్ని ఆ స్విచ్చుకే కట్టి వేలాడదీయండి. మళ్ళీ బండి తీయాలంటే దాన్ని చూడక తప్పదు.

పాత కారు లేనివారికి కూడా ఇందులో ఒక ముక్క ఉంది. 2000 తరువాత వచ్చిన కొన్ని కార్లలో కూడా ఇలాంటి స్విచ్చు కంపెనీవారే పెట్టారు. కొన్నింటిలో కాళ్ళ దగ్గర పక్క అట్ట వెనక, కొన్నింటిలో డిక్కీలో, కొన్నింటిలో బానెట్టు కింద. గాలి సంచులున్న చాలా కార్లలో ఆ పని ఇప్పుడు గాలి సంచి కంప్యూటరే చూసుకుంటోంది. మా బావమరిది కారు, పేరెందుకు లెండి, ఇంటి ముందు వెనక్కి తీస్తూ అరుగుకు తగిలి ఆగిపోయింది. ఎంతకీ స్టార్టు కాలేదు. లాగించుకుని తీసుకువెళ్ళారు. మూడు రోజులు ఒక గ్యారేజీలో ఉంది. బిల్లులో "పంపు రిపేరు" అని రాశారు. తరువాత నేను చూస్తే పంపు ఎవరూ ముట్టుకోలేదు. స్విచ్చు తీగలు మాత్రం మెలివేసి ఉన్నాయి! నొక్కవలసిన బొత్తాం నొక్కకుండా, డబ్బు పుచ్చుకుని, ఉన్న రక్షణ తీసేసి పంపారు. బండితో వచ్చిన పుస్తకంలో ఆ బొత్తాం బొమ్మతో సహా ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు మా వాడు.

బొత్తాం లేచిందని కనబడగానే నొక్కేయడం కూడా తప్పే. అది లేచిందంటే దెబ్బ తగిలిందని కదా అర్థం. మొదట తాళం తీయండి. అందరినీ దింపండి. వాసన చూడండి, కింద వంగి చూడండి. వంగలేని వయసు మనది, పక్కన కుర్రవాణ్ణి చూడమనండి. పెట్రోలు వాసన ఉంటే బొత్తాం జోలికి వెళ్ళవద్దు, బండిని అక్కడే వదిలి దూరంగా ఉండండి. ఏమీ లేకపోతే నొక్కి, తాళం తిప్పి, స్టార్టు చెయ్యకుండా నాలుగు క్షణాలు ఆగి, తాళం తీసి మళ్ళీ వాసన చూడండి. మా బండిలాంటి దానికైతే ఇందాక చెప్పిన ముక్క ఇక్కడ పనికొస్తుంది. కాసిని టిక్కులు కొట్టి ఆగితే క్షేమం. ఆగకపోతే తాళం తీసెయ్యండి.

గొట్టాల గురించి రెండు మాటలు. ఈ స్విచ్చు దెబ్బ తగిలినప్పుడే పనిచేస్తుంది. గొట్టం పగిలి రోజూ బొట్టు బొట్టుగా కారుతుంటే దానికి తెలియదు. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకు, వాషర్లకు ఇథనాల్ పడదు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తరువాత బీటలు వారతాయి. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టం అని అడిగి తెచ్చుకోండి. నేను రెండేళ్ళకోసారి అన్నీ మారుస్తున్నాను. పౌడరు రకం చిన్న మంటలార్పే సిలిండరు ఒకటి సీటు కింద ఉంచుకుంటే మంచిది. దాని గడువు తేదీ కూడా చూసుకోండి మరి.

వెనక నుంచి మాస్టారు చెయ్యెత్తుతున్నారు. ఆయన ఏమడుగుతారో నాకు తెలుసు, పొద్దున కూడా అడిగారు. కంపెనీ పెట్టని వస్తువు పెడితే పాత కారు అందం పోదా అని. 2021 జూలైలో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది, నెంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. చాసిస్సు, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని అందులో ఉంది. ఈ స్విచ్చు ఆ మూడింటిలో దేన్నీ మార్చదు. ఒక తీగ మధ్యలో కూర్చుంటుంది. కావాలంటే రేపు పీకేయవచ్చు, బండికి మచ్చ కూడా పడదు. అయినా మాస్టారూ, అందం సంగతి వస్తే, డ్యాష్‌బోర్డు కింద చీకట్లో ఉన్నదాన్ని మీరు తప్ప ఎవరు చూస్తారు చెప్పండి?

పావుగంట అన్నారు, అరగంట అయినట్టుంది. భోజనాలయ్యాక ఆసక్తి ఉన్నవారు వేపచెట్టు దగ్గరకు రండి. టెస్టు ల్యాంపు తెచ్చాను. మా మనవడు స్విచ్చు విప్పి పిడికిట పట్టుకుని కొట్టి చూపిస్తాడు, మీరు కూడా ఒకసారి కొట్టి చూడవచ్చు. ఆ టిక్కు టిక్కు ఎలా ఉంటుందో వినవచ్చు. కారు తాళం మాత్రం నా దగ్గర లేదు. 1981 నుంచి అది మా ఆవిడ సంచిలోనే ఉంటుంది. ఆవిణ్ణి అడిగి తీసుకోవాలి.